ఇరుపొరుగుల నడుమ సయాము



మా యూరి చెఱువు క్రింద ఒక చిన్న రైతునకు మూడెకరముల మాగాణి యుండెడిది. తూర్పున నొక పెద్ద కామందు, పడమట మఱియొక పెద్ద కామందు. వారిరువురకును ఒకరన్న నొకరికి గిట్టదు. దుక్కుల కాలము వచ్చెనన్న తూర్పు గట్టు జానెడు లోపలికి జరుగును. మఱుసటి యేడు పడమటి గట్టు జరుగును. నా చిన్నతనమున నొకనాడు, "పెదనాయనా, నీవు కచేరికేల పోవు?" అని యాయన నడిగితిని. ఆయన నవ్వి, "కచేరికి పోవలెనన్న పొలమమ్మవలెను నాయనా. గట్టు పోయినను పొలము మిగిలినది కదా!" అనెను. ఆ మాట నాకప్పుడు పిఱికిమాటగా తోచినది. పెద్దవాడనై సయాము దేశచరిత్రము చదివిన పిమ్మట ఆ మాటలో ఎంత నిజమున్నదో, ఎంత మోసమున్నదో తూచి చూడవలసి వచ్చెను. ఆ తూకమునే నేడు మీ ముందుంచుచున్నాను.

సయామునకు నేటి పేరు థాయిలాండు. 1939లో ఆ పేరు పెట్టిరి. 1945లో మఱల సయామనిరి. 1949 నుండి థాయిలాండను పేరే నిలిచినది. నేను చెప్పబోవు కథ చాలవఱకు సయామను పేరుతో జరిగినది గావున ఆ పేరే వాడెదను. మన బంగాళాఖాతమునకు ఆవలి దిక్కున, బర్మాకు తూర్పున నున్న దేశమది. దానికి తూర్పున లావోసు, కంబోడియా, వాని కావల వియత్నాము. దక్షిణమున తోకవలె సాగిన మలయా ద్వీపకల్పము. దేశమునకు నడుమ మీనామని పేరుపొందిన చావ్ ప్రాయా నది పాఱుచున్నది. మన గోదావరి డెల్టా వలెనే ఆ నదీముఖమును వరిపంటకు పుట్టినిల్లు.

ఆ దేశము మనకు బొత్తిగా పరాయిది గాదు. వారి పాత రాజధాని అయుధ్యా. అది మన అయోధ్య పేరే. వారి రామాయణమునకు రామకియెన్, అనగా రామకీర్తి యని పేరు. రాజుల పేర్లు వినుడు. మోంగ్‌కుట్ అనగా మకుటము. చులాలోంగ్‌కార్న్ అనగా చూడాలంకారము. వజిరావుధ్ అనగా వజ్రాయుధము. పలుకుబడి మాఱినదే కాని మాట మనదే.

మొదట సయామునకు ఇరుపొరుగులు బర్మావారును వియత్నామువారును. 1767లో బర్మా సైన్యము అయుధ్యాను ముట్టడించి తగులబెట్టెను. 1782లో చక్రీవంశపు మొదటి రాజు బేంకాకున కొత్త రాజధాని స్థాపించెను. ఆ పిమ్మట తూర్పున కంబోడియా ఎవరి చెప్పుచేతలలో నుండవలెనని వియత్నాముతో చిరకాలము తగవు నడచెను. ఈ తగవులు సమానుల తగవులు; ఒకనాడు ఓడినవాడు మఱియొకనాడు గెలుచును. కాని పందొమ్మిదవ శతాబ్దమున కథ మాఱినది. 1826 నాటికి ఆంగ్లేయులు బర్మా సముద్రతీరమున ఆరకానును, తెనాసరిమును పుచ్చుకొనిరి. 1852లో పెగూను పుచ్చుకొనిరి. 1885లో మాండలే ప్రవేశించి రాజును దేశాంతరమునకు పంపిరి. అటు తూర్పున ఫ్రెంచివారు 1859లో సైగాను పట్టుకొని, 1863లో కంబోడియాను తమ రక్షణలోనికి తెచ్చుకొని, 1885 నాటికి వియత్నామునంతటిని లోబఱచుకొనిరి. సయామునకు పాత పగవారిరువురును మాయమైరి. వారి యిండ్లలో అంతకంటె బలవంతులు కాపురము పెట్టిరి.

1851లో మూడవ రాముడను బిరుదుగల రాజు మరణశయ్యపై నుండి, ఇకమీదట బర్మాతోను వియత్నాముతోను యుద్ధభయము లేదనియు, భయమంతయు తెల్లవారి వలననే యనియు, వారి విద్యలలో మంచివి నేర్చికొనుడు గాని వారిని గుడ్డిగా నమ్మవలదనియు చెప్పెనని సయాము చరిత్రకారులు వ్రాయుదురు. ఆయన పిమ్మట సింహాసన మెక్కినవాడు మోంగ్‌కుట్. ఈయన కథ విచిత్రమైనది. రాజ్యమునకు రాకమునుపు 27 సంవత్సరములు బౌద్ధభిక్షువుగా నుండెను. పాలీభాషలో పండితుడు. మఠములో నుండగనే ఒక ఫ్రెంచి క్రైస్తవ మతాచార్యుని యొద్ద లాటిను, అమెరికా మతబోధకుల యొద్ద ఇంగ్లీషు నేర్చెను. జ్యోతిర్గణితమున ఆయనకు మిక్కిలి మక్కువ. భిక్షాపాత్ర పట్టుకొని వీథివీథి తిరిగినవాడగుటచే ప్రజల బ్రతుకెఱుగును. ఇంగ్లీషు పత్రికలు చదువువాడగుటచే లోకపు పోకడయు నెఱుగును.

1839 నుండి 1842 వఱకు జరిగిన నల్లమందు యుద్ధములో చీనా చక్రవర్తి యంతవాడు ఆంగ్లేయుల ఓడలకు తలయొగ్గుట ఆయన చూచెను. బర్మారాజు పౌరుషమునకు పోయి తీరమంతయు పోగొట్టుకొనుట చూచెను. కావున 1855లో హాంకాంగు గవర్నరగు జాన్ బౌరింగు సంధి కోరి బేంకాకునకు రాగా, మోంగ్‌కుట్ ఆయనను ఎదుర్కొని మర్యాదచేసి తానే సంధికి ఒప్పుకొనెను. ఆ సంధి షరతులు తేలికైనవి గావు. దిగుమతి సరకులపై నూటికి మూడు వంతులకు మించి సుంకము వేయరాదు. కఱవు భయము లేనియెడల బియ్యపు ఎగుమతికి అడ్డు చెప్పరాదు. ఆంగ్ల ప్రజలు సయామున నేరము చేసినచో విచారించువాడు ఆంగ్ల కాన్సలే కాని సయాము న్యాయాధిపతి కాడు. తన పెరటిలో జొఱబడిన దొంగను తాను శిక్షింపలేని గృహస్థు స్థితి ఎట్టిదో ఆలోచింపుడు. ఆ స్థితికి ఒక స్వతంత్రరాజు తెలిసి తెలిసి ఒడంబడెను.

అయితే ఇచ్చట ఆయన నేర్పు ఒకటి కలదు. ఆంగ్లేయునకు తలుపు తెఱచినవాడు తక్కినవారికి మూయలేదు. 1856లో అమెరికాతోను ఫ్రాన్సుతోను, ఆ పిమ్మట డెన్మార్కు, పోర్చుగల్, హాలండు, ప్రష్యా దేశములతోను అట్టి సంధులే చేసికొనెను. ఒక్కడే వచ్చి కూర్చుండిన యిల్లు వానిదగును. పదిమంది వచ్చి కూర్చుండిన యిల్లు ఎవ్వరిదియు కాక యజమానునికే మిగులును. ఇదియే ఆయన యూహ.

ఆ యూహ ఎంతవఱకు ఫలించునో ఆయనకే సందేహముగా నుండెను. కంబోడియాపై చిరకాలముగా తమకున్న ఆధిపత్యమును ఫ్రెంచివారు అపహరింపగా, 1867లో దానిని వదలుకొనుచు సంధిపై సంతకము చేయవలసి వచ్చెను. బట్టంబాంగ్, సియెం రీప్ సీమలు మాత్రము సయామునకు మిగిలినవి. ఆ యేడే పారిసులోని తన రాయబారికి ఆయన వ్రాసిన లేఖయొకటి ప్రసిద్ధమైనది. ఏటికెదురీది మొసలితో స్నేహము చేయుటయా, సముద్రములోనికి ఈది తిమింగిలమును పట్టుకొని వ్రేలాడుటయా, అని యందులో ప్రశ్నించుకొనెను. నదివైపు నుండి వచ్చు మొసలి ఫ్రెంచివారు. సముద్రములోని తిమింగిలము ఆంగ్లేయులు. మొసలి కఱచును, తిమింగిలము కఱవకున్నను తోక విసరిన చాలును. తమవంటి చిన్న రాజ్యమునకు ఆయుధములకంటె మాటయు మనసుమాత్రమే అక్కఱకు వచ్చుననియు ఆయన అందే వ్రాసెను.

ఇచ్చట మన సీమతో సంబంధించిన ఒక సంగతి చెప్పెదను. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. ఆ గ్రహణమును చూచుటకే ఫ్రాన్సు నుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు మన గుంటూరునకు వచ్చి బస చేసెను. అక్కడ సూర్యుని అంచున వెలిగిన జ్వాలల కాంతిని ఆయన పరీక్షించిన తీరు ఖగోళశాస్త్రమున నొక మైలురాయి. సరిగా ఆ దినముననే, ఆ నీడయే బంగాళాఖాతము దాటి సయామును చేరెను. మోంగ్‌కుట్ గ్రహణకాలమును తానే గణితము చేసి, వా కో అను అడవిపల్లెలో డేరాలు వేయించి, ఫ్రెంచి ఖగోళవేత్తలను, సింగపూరు నుండి ఆంగ్ల గవర్నరును ఆహ్వానించెను. ఇది వట్టి వేడుక గాదు. మేమును లెక్క తెలిసినవారమే, మమ్ములను అనాగరికులని నెపము పెట్టి మ్రింగ నక్కఱలేదని ఇరువురకును ఒక్కమాఱే చూపుట. లెక్క సరిపోయినది. కాని ఆ చిత్తడినేలలో రాజునకు మలేరియా జ్వరము తగిలి, అక్టోబరు 1వ తేదీన కన్నుమూసెను. దేశపు గౌరవము నిలుపుటకు ఆయన ఇచ్చిన మూల్యము తన ప్రాణమే.

కుమారుడు చులాలోంగ్‌కార్న్ వయస్సు అప్పటికి 15 ఏండ్లు. 1873 వఱకు మంత్రి యొకడు రాజప్రతినిధిగా పాలించెను. ఆ నడుమ యువకుడగు రాజు ఊరక కూర్చుండలేదు. 1871లో సింగపూరును, జావాను చూచెను. 1872లో మన దేశమునకు వచ్చి కలకత్తా, ఢిల్లీ, ఆగ్రా, బొంబాయి, కాశీ చూచిపోయెను. పరాయి ప్రభుత్వము క్రింద నున్న దేశము ఎట్లుండునో, రైలు, తపాలా, కచేరి, పోలీసు ఎట్లు నడచునో కన్నులార చూచెను. ఇంటికి పోయి తన దేశమున ఒక్కొక్కటిగా వానిని నెలకొల్పెను. రాజు నెదుట నేలబడి ప్రాకుట మాన్పించెను. 1874లో మొదలుపెట్టి 1905 నాటికి బానిసత్వమును తుదముట్టించెను. 1892లో కొత్త మంత్రిశాఖ లేర్పఱచెను. సోదరుడగు దామ్రోంగ్ రాజకుమారుడు జిల్లాల పాలనను, మఱియొక సోదరుడు దేవవంశ రాజకుమారుడు విదేశవ్యవహారములను చేపట్టిరి.

పరదేశపు ఉద్యోగులను నియమించుటలో రాజు పాటించిన పద్ధతి మిక్కిలి గమనింపదగినది. నౌకాదళమునకు డెన్మార్కువారు. రైలుమార్గములకు జర్మనులు. ఆదాయవ్యయములకు ఆంగ్లేయులు. ధర్మశాస్త్రములు వ్రాయుటకు ఫ్రెంచివారు. వీరందఱిపైన ప్రధాన సలహాదారు బెల్జియము దేశపు న్యాయవేత్త రోలాఁ జాక్మాఁ. ఇంటి తాళపుచెవులగుత్తి నెవ్వనికి నీయక, ఒక్కొక్క గది తాళము ఒక్కొక్కని చేతికిచ్చి, గుత్తి తన మొలనే కట్టుకొనెను. బెల్జియము, డెన్మార్కు వంటి చిన్న దేశములవారికి సయామును మ్రింగు కోరిక యుండిన శక్తి లేదు; కావున వారిపై నమ్మక మెక్కువ.

ఇంత జాగ్రత్త పడినను 1893లో పిడుగు పడెను. మేకాంగు నదికి తూర్పునున్న లావోసు సీమలు పూర్వము వియత్నామునకు కప్పము కట్టెడివనియు, వియత్నాము ఇప్పుడు తమది గావున అవియు తమవేయనియు ఫ్రెంచివారు వాదించిరి. ఆ సీమల చిన్నరాజులు అటు వియత్నామునకును ఇటు సయామునకును కప్పము పంపి కాలము గడపుకొన్నవారే. ఒక గడ్డకు ఇద్దఱు యజమానులుండుట ఆ దేశముల పాత ఆచారము. తెల్లవారి పటములో ఒక గడ్డకు ఒకే రంగు. అడవులలో కాపలాదండుల నడుమ ఘర్షణలు జరిగెను. ఒక ఫ్రెంచి యుద్యోగి చనిపోయెను. అది నెపముగా జులై 13వ తేదీ సాయంకాలము రెండు ఫ్రెంచి యుద్ధనౌకలు మీనాము ముఖద్వారమగు పాక్‌నాము కోటలను దాటి, కాల్పుల నడుమ నది నెక్కి, బేంకాకునందలి ఫ్రెంచి రాయబారి భవనము ముందు లంగరు వేసెను. ఫిరంగుల నోళ్లు రాజనగరువైపు తిరిగియుండెను.

రాజు ఆశ ఆంగ్లేయులపై నుండెను. సయాము విదేశవ్యాపారములో అధికభాగము వారిది. ఫ్రెంచివారికి అడ్డుపడుట వారికి లాభమే. కాని లండనులోని విదేశాంగమంత్రి రోజ్‌బెరీ ప్రభువు సయాము కొఱకు ఫ్రాన్సుతో యుద్ధము తెచ్చుకొనుటకు సిద్ధముగా లేడు. తగవు త్వరగా తీర్చుకొనుడని మాత్రము సలహా పంపెను. తిమింగిలము నీటిలోనే యుండిపోయెను. ఫ్రెంచివారు రేవును దిగ్బంధించిరి. అక్టోబరు 3వ తేదీ సంధిలో సయాము మేకాంగు ఎడమగట్టు సీమలనెల్ల వదలుకొని, కుడిగట్టున 25 కిలోమీటర్ల వెడల్పున తన సైన్యము నుంచనని ఒప్పుకొని, లక్షలకొలది ఫ్రాంకుల దండుగ కట్టెను. జామీనుగా ఫ్రెంచి దండు చంతబురీ పట్టణములో దిగెను. మూడవ రాముడు వర్తకములో సంపాదించి ఎఱ్ఱని సంచులలో కట్టి దాచిన వెండి నాణెములే ఆ దండుగకు అక్కఱకు వచ్చెనని సయాము ప్రజలు నేటికిని చెప్పుకొందురు. పెదతండ్రి కూడబెట్టినది బిడ్డ యిల్లు నిలిపెనన్నమాట. ఆ యేడు రాజు దుఃఖముతో మంచము పట్టెను. జీవితముపై విరక్తితో పద్యములు వ్రాసికొనెను. దామ్రోంగ్ మొదలగువారు పద్యములతోనే ధైర్యము చెప్పిరి.

ఈ దెబ్బ పిమ్మట సయాము ఏల మిగిలినది? ఇచ్చట చరిత్రకారులలో రెండు పక్షములున్నవి. రాజుల తెలివియే కారణమని ఒక పక్షము. కాదు, ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని తమ సరిహద్దు లొకదానికొకటి తగులకుండ నడుమ బీడుపొల మొకటి కావలసియుండెను. అందుచేతనే వదలిరని రెండవ పక్షము. రెండవ పక్షమునకు బలమైన సాక్ష్యము కలదు. 1896 జనవరిలో ఆ యిరువురును లండనులో ఒడంబడిక చేసికొని, మీనాము నదీప్రాంతమునకు తమలో నెవ్వరును రెండవవాని సమ్మతి లేక సైన్యము పంపరాదని నిశ్చయించుకొనిరి. ఆ యొడంబడికకు ముందు సయామును అడిగినవారు లేరు. తన యింటిని కూల్చకుండుటకు పొరుగువారిద్దఱు కాగితము వ్రాసికొనగా, ఆ యింటివాడు మఱునాడు విన్నట్లు. పైగా నదీప్రాంతమునకు వెలుపలనున్న తూర్పు సీమలకును, మలయా సీమలకును ఆ కాగితములో రక్షణ లేదు.

నా యభిప్రాయము నడుమ నున్నది. బీడుపొలము కావలెనని పెద్దలిద్దఱు కోరుకొనుట సయాము అదృష్టము. కాని ఆ బీడులో పన్నులు వసూలై, నేరములు శిక్షింపబడి, అప్పులు సకాలమున తీఱుచుండిననే అది బీడుగా నిలుచును; అరాజకము పుట్టిన మఱునాడే ఎవడో యొకడు శాంతి నెలకొల్పుటకని చొచ్చుకొని వచ్చును. బర్మాలో, వియత్నాములో జరిగినదదియే. ఆ సాకు దొరకకుండ చేసినది చులాలోంగ్‌కార్న్ పాలన. అదృష్టము వాకిటికి వచ్చును; ఇల్లు చక్కబెట్టుకొన్నవాడే దానిని లోపలికి పిలువగలడు.

1897లో ఆయన స్వయముగా ఐరోపా యాత్రకు బయలుదేఱెను. రాజ్యభారము సావభా రాణి వహించెను. రష్యా చక్రవర్తి రెండవ నికొలాసు యువరాజుగా 1891లో బేంకాకు వచ్చి రాజు ఆతిథ్యమందినవాడు. ఆ పరిచయముతో రాజు రష్యా రాజధానికి పోగా, చక్రవర్తి సరసన కూర్చుండి తీయించిన ఛాయాచిత్రము పత్రికలలో వెలువడెను. రష్యా ఫ్రాన్సునకు మిత్రము. తమ మిత్రుడు సరసన కూర్చుండబెట్టుకొన్న రాజును ఫ్రెంచివారు అవమానింపజాలరు కదా! పిమ్మట పారిసులో ఆయనకు మర్యాదగా స్వాగతము జరిగెను.

అటుపైన వచ్చినది ఇచ్చిపుచ్చుకొనుట. 1904లో లువాంగ్ ప్రబాంగునకు ఎదుటనున్న మేకాంగు కుడిగట్టు సీమనిచ్చి చంతబురీని విడిపించుకొనిరి. కాని ఫ్రెంచివారు దానికి బదులు త్రాత్ పట్టుకొనిరి. 1907లో బట్టంబాంగ్, సియెం రీప్, సిసొఫోన్ అను మూడు సీమల నిచ్చి త్రాత్‌ను విడిపించుకొనిరి. విష్ణ్వాలయముగా కట్టబడిన ఆంగ్‌కోర్ వాట్ ఈ సీమలతో పాటు పోయినది. 1909లో మలయాలోని కేదా, కెలంతాన్, త్రెంగాను, పెర్లిస్ సీమలమీది హక్కును ఆంగ్లేయుల కిచ్చిరి. బదులుగా ఫ్రెంచివారి ఆసియా ప్రజలును ఆంగ్ల ప్రజలును క్రమముగా సయాము న్యాయస్థానముల క్రిందికి వచ్చుటకు అంగీకారము దొరకెను. దక్షిణపు రైలుమార్గమునకు ఆంగ్లేయుల నుండి 40 లక్షల పౌనుల అప్పును దొరకెను. తండ్రి సుంకమును న్యాయాధికారమును ఇచ్చి భూమిని నిలుపుకొనెను; కుమారుడు భూమి నిచ్చి న్యాయాధికారమును కొనితెచ్చుకొనెను.

మిగిలినది మనుమని కాలమున తీఱినది. 1917లో వజిరావుధ్ రాజు ఎవరు గెలుతురో కొంత తేలినంత వఱకు వేచియుండి, జులై 22వ తేదీన జర్మనీపై యుద్ధము ప్రకటించెను. సుమారు 1,200 మంది స్వచ్ఛంద సైనికులు ఫ్రాన్సునకు పోయిరి. 1919లో పారిసు విజయోత్సవమున వారి పతాకమును నడచినది. గెలిచినవారి బల్లవద్ద కూర్చుండు హక్కు దొరకగానే, పాత సంధులను మార్పుడని సయాము అడిగెను. 1920లో అమెరికా ముందుగా ఒప్పుకొనెను. రాష్ట్రపతి విల్సను అల్లుడగు ఫ్రాన్సిసు సేయరు సయాము పక్షమున ఐరోపా రాజధానులు తిరిగి 1925 నాటికి తక్కినవారిని ఒప్పించెను. మిగిలిన కొలదిపాటి పరిమితులు 1937 నాటి కొత్త సంధులతో తొలగినవి. 1855లో ఇచ్చిన దానిని పూర్తిగా మఱల పుచ్చుకొనుటకు 80 ఏండ్లకు పైగా పట్టెను.

1941లో మూడవ బలవంతుడు వచ్చెను. డిసెంబరు 8వ తేదీ తెల్లవారుజామున జపాను సైన్యము సయాము తీరమున దిగెను. కొన్ని గంటలు పోరాడి ప్రభుత్వము లొంగెను. 1942 జనవరి 25వ తేదీన జపానుతో కలిసి ఇంగ్లండుపైన, అమెరికాపైన యుద్ధము ప్రకటించెను. వాషింగ్టనులోని రాయబారి సేనీ ప్రమోజ్ ఆ ప్రకటనను అమెరికాకు అందజేయ నిరాకరించెను. ఇంటిలో ప్రిదీ అను రాజప్రతినిధియే రహస్యముగా జపాను వ్యతిరేకుల దళమును నడపెను. 1945 ఆగస్టులో జపాను లొంగగానే, ఆ యుద్ధప్రకటన చెల్లదని బేంకాకు చాటెను. అమెరికా సరేననెను. ఇంగ్లండు మాత్రము 15 లక్షల టన్నుల బియ్యము ఉచితముగా ఇచ్చుటకు మొదట ఒప్పించుకొని, పిమ్మట సడలించెను. యుద్ధకాలమున ఫ్రెంచివారి నుండి తీసికొన్న సీమలను తిరిగి యిచ్చి, 1946 డిసెంబరులో సయాము ఐక్యరాజ్యసమితిలో చేరెను.

దీనిని నేర్పని కొందఱందురు, జిత్తులని కొందఱందురు. కాని ఒక సంగతి మఱవరాదు. జపానువారు సయాము నుండి బర్మాకు వేయించిన రైలుదారిలో ప్రాణములు కోల్పోయిన వేలకొలది కూలీలు మలయా రబ్బరు తోటల నుండి తరలింపబడినవారు. వారిలో తమిళు లెక్కువ, మన తెలుగువారును కలరు. రాజ్యములు తప్పించుకొన్న దెబ్బ అనాథలపై పడుట ఈ కథలో ఇది యొక్కటియే గాదు. లావోసు, కంబోడియా, కేదా సయామునకు గట్టువంటివి. అచ్చటి ప్రజలకు అవి ఇల్లు వంటివి. వారిని సయాము పూర్వము కత్తితో తెచ్చుకొనెను. పిమ్మట కలముతో ఇచ్చివేసెను. రెండుమాఱులును వారిని అడిగినవారు లేరు. సయాము రాజనీతిని మెచ్చుకొనునపుడు ఈ లెక్కను ప్రక్కన వ్రాసికొనుట ధర్మము.

ఇక చివరి మాట, గట్టును గూర్చినదే. కంబోడియా సరిహద్దున దాంగ్రేకు కొండలపైన ప్రీయ విహార మను పురాతన శివాలయము కలదు. 1904 నాటి సంధిలో హద్దు నీటివాలు వెంబడి యుండవలెనని వ్రాసికొనిరి. సయామునకు సర్వే తెలిసినవారు చాలనందున పటము వ్రాయు పని ఫ్రెంచి యుద్యోగులకే అప్పగించిరి. 1907లో వారు వ్రాసిన పటములో ఆలయము కంబోడియా వైపు పడినది. 1908లో పటము బేంకాకు చేరినది. సయాము అధికారులు ఆక్షేపింపకపోగా మఱికొన్ని ప్రతులు పంపుడని కోరిరి. 1930లో దామ్రోంగ్ రాజకుమారుడే ఆ యాలయమును చూడబోగా, ఫ్రెంచి యుద్యోగి తమ పతాకము క్రింద ఆయనకు స్వాగతమిచ్చెను; అప్పుడును ఆక్షేపణ లేదు. కంబోడియా స్వతంత్రమైన పిమ్మట తగవు హేగు నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానమునకు పోయెను. నీటివాలు మావైపే యున్నదని థాయిలాండు వాదించెను. 1962 జూన్ 15వ తేదీన న్యాయాధిపతులలో తొమ్మండుగురు ఒకవైపు, మువ్వురు ఒకవైపు నిలిచి, పటము చూచియు ఇన్నేండ్లు ఊరకున్నవారు ఇప్పుడు కాదనరాదని తీర్పు చెప్పిరి. ఆలయము కంబోడియాకు పోయెను. అంతటితో తగవు తీఱలేదు. ఆ సరిహద్దుపై 2008 మొదలు 2011 వఱకు పలుమాఱులు, 2025లో మఱల, ఇరుదేశముల సైన్యములు పోరాడినవి; పల్లెలు ఖాళీయైనవి.

మా యూరి పెదనాయన మాటకు మఱల వచ్చెదను. గట్టు పోయినను పొలము మిగిలినదన్న మాట నిజమే. ఆ మాటవలననే సయాము నిలిచినది. కాని గట్టు జరిగిననాడు నోరు మెదపక, సర్వేవారు వచ్చిననాడు పటము చూడక ఊరకుండుట వేఱు. బలము లేనివాడు వంగవచ్చును. వంగినపుడు సయితము, ఇది నా సమ్మతితో జరిగినది గాదని కాగితముపై నొక ముక్క వ్రాసి పెట్టవలెను. ఆయన మూడెకరములు రీసర్వేనాటికి రెండెకరముల డెబ్బది సెంట్లుగా లెక్కకు వచ్చినవి. ఆయన బిడ్డలు కచేరికి పోయిరి. "మీ తండ్రిగారు ఎప్పుడైన ఆక్షేపించిరా?" అని యచ్చట అడిగిరి. వారికి చెప్పుటకు మాట లేకపోయెను.